కంప్యూటర్ మీద ఫణిబాబు ఫిర్యాదులు

కంప్యూటర్ తప్పు చూపించినప్పుడు మనుషులు రకరకాలుగా ప్రవర్తిస్తారు. కొందరు తల గోక్కుంటారు. కొందరు మీటలన్నీ ఒకేసారి నొక్కేస్తారు. ఇంకొందరు ఏమీ ఎరగనట్టు లేచి టీ తాగడానికి వెళ్ళిపోతారు. మా కొన్నగర్‌లో ఫణిభూషణ్ సమాద్దార్ అనే పెద్దమనిషి మాత్రం ఫిర్యాదు రాసేవాడు. నోటితో తిట్టడం కాదు, రాతపూర్వకంగా. పొడుగు కాగితం తీసి, మార్జిన్ మడిచి, నీలి సిరాతో తేదీ వేసి, గ్రంథాలయ కార్యదర్శి గారికి అని మొదలుపెట్టి, చివర సంతకం కింద రెండు గీతలు గీసి మరీ ఇచ్చేవాడు.

నమూనాకి ఒకటి చెప్తాను. "ఆర్యా, నేటి మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు మూడో నంబరు కంప్యూటర్ నన్ను ఉద్దేశించి అందరి ముందూ అనుచితంగా మాట్లాడినది. నా వల్ల ఏమి తప్పు జరిగినదని అడిగితే చెప్పలేదు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట అన్నది. తగు చర్య తీసుకొనగలరు."

కార్యదర్శి నిత్యగోపాల్‌బాబు దానిని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, 'అందినది' అని ముద్ర వేసి బీరువాలో పెట్టేవాడు. కంప్యూటర్‌ని పిలిచి మందలించాడో లేదో నాకు తెలియదు. కానీ ఆ ఫిర్యాదుల దెబ్బకి మూడు నెలలు నా రక్తం ఎంత మరిగిందో నాకు మాత్రమే తెలుసు.

నా పేరు సత్యవతి. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. పెళ్ళయి కొన్నగర్ వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఇక్కడివాళ్ళు నన్ను 'శొత్తొబొతి' అంటారు, అదీ కష్టమనిపిస్తే 'దిదిమొణి' అంటారు, అంటే పంతులమ్మ అని. వారంలో ఐదు రోజులు లోకల్ రైలెక్కి కోల్‌కతా వెళ్ళి ఒక ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తాను. శనివారం మధ్యాహ్నం మా పేట గ్రంథాలయం నవారుణ్ పాఠాగారంలో ఉచితంగా పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్పిస్తాను. ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్లు ఎనిమిది. ఎనిమిది మంది విద్యార్థులు. పన్నెండు వారాలు. చివర్లో పరీక్ష, పాసైతే పత్రం.

నా పాఠం గురించి నాకు కొంచెం గర్వం ఉండేది. నా బల్ల దగ్గర నుంచి ఎవరి స్క్రీన్ అయినా గోడ మీద పెద్దగా పడేట్టు ఏర్పాటు చేసుకున్నాను. ఒకరు తప్పు చేస్తే ఠక్కున గోడ మీద వేసేదాన్ని. ఒకరి తప్పు ఎనిమిది మంది చూస్తే ఎనిమిది మందీ నేర్చుకుంటారని నా సిద్ధాంతం.

మొదటి శనివారం పేరు అచ్చువేసే చిన్న ప్రోగ్రాం ఇచ్చాను. ఒకటే లైను. ప్రింట్ అన్న ఇంగ్లీషు మాట అన్నీ చిన్న అక్షరాలతో రాయాలని మూడుసార్లు చెప్పాను. అయినా రెండో నంబరు కంప్యూటర్‌లో పెద్ద అక్షరంతో మొదలైంది. గోడ మీద వేశాను.

"ఎవరిదమ్మా ఇది? ఇప్పుడే కదా చెప్పాను. ఒక్క అక్షరం చిన్నగా రాయడం అంత కష్టమా?"

రెండో నంబరు ముందు కూర్చున్నది ఝర్నా మండల్. స్టేషన్ రోడ్డులో ఒక నర్సింగ్‌హోంలో కౌంటర్ దగ్గర పేర్లు రాసుకునే ఉద్యోగం. ముప్పై రెండేళ్ళుంటాయి. కౌంటర్లో మనిషి బదులు యంత్రం పెడుతున్నారని, ఈ పరీక్ష పత్రం తెస్తే రికార్డుల విభాగంలోకి తీసుకుంటామని, లేకపోతే తాము చేయగలిగింది ఏమీ లేదని అక్కడివాళ్ళు చెప్పారట. ఆమె తల వంచుకుని, రాసిందంతా చెరిపేసింది.

అప్పుడు పక్కన మూడో నంబరు దగ్గర నుంచి ఒక చెయ్యి లేచింది. చెయ్యి వెనక మనిషి కూడా లేచాడు. తెల్లటి లాల్చీ, భుజాన గుడ్డ సంచి, నుదుటి మీదికి నెట్టిన కళ్ళజోడు, చెవి మీద పెన్సిలు. అరవై ఎనిమిదేళ్ళ ఫణిబాబు.

"దిదిమొణీ, నాదీ అదే గొడవ. ఇక్కడ ఈ యంత్రం ఏమంటోందో మీరొకసారి వచ్చి వినాలి. ప్రింట్ అంటే ఏమిటో దీనికి తెలియదట."

"పెద్ద అక్షరం పెట్టారు కాబట్టి అలా అంటుందండీ."

"నలభై రెండేళ్ళు శ్రీరాంపూర్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. సీసం అక్షరాల కాలం నుంచి ఉన్నాను. అలాంటి నాతో ప్రింట్ అంటే తెలియదంటుందా ఇది? తెలియకపోతే తెలియదని కాస్త వినయంగా చెప్పాలి. ఎర్ర అక్షరాలతో అరవడం ఏమిటి? పైగా వాక్యం మొదట్లో పెద్ద అక్షరం పెట్టడం మర్యాద కాదా?"

"దీనికి ఆ మర్యాద తెలియదండీ. దీని లెక్కలో పెద్ద అక్షరం ప్రింట్ వేరు, చిన్న అక్షరం ప్రింట్ వేరు. రెండోదే దీనికి తెలుసు."

"అంటే పేరులో ఒక అక్షరం మారితే ఇది మనిషిని గుర్తుపట్టదు."

"పట్టదు."

"మరి నా పేరు ఫణిభూషణ్. పామును నగగా పెట్టుకున్నవాణ్ణి. మీ భాష పేరేమో పైథాన్, ఒట్టి కొండచిలువ. ఎవరు ఎవరిని గుర్తుపట్టాలి?"

తరగతి అంతా నవ్వింది. ఝర్నా కూడా నవ్వింది. పావుగంట పోయింది. మొదటి ఫిర్యాదు ఆ సాయంత్రమే దాఖలైంది.

రెండో వారం ఖాళీల గొడవ. పైథాన్‌లో కొన్ని లైన్లు లోపలికి జరిపి రాయాలి, అన్నీ సమానంగా జరగాలి. ఒక లైను నాలుగు ఖాళీలు, ఇంకో లైను మూడు ఖాళీలు జరిగితే ఊరుకోదు. నేను ఇంకా బల్ల దగ్గర నుంచి లేవలేదు, ఫణిబాబు లేచాడు.

"దిదిమొణీ, ఏమీ రాయని చోట తప్పు ఎలా ఉంటుంది?"

"ఏమైందండీ?"

"నేను రాసినవన్నీ బాగానే ఉన్నాయి. రాయనిదానిలో తప్పుందంటోంది. మా ప్రెస్సులో ఖాళీ జాగా మీద ఎవడూ కేసు పెట్టలేదు. మీరు ముందు నాకు ఇది చెప్పండి, ఖాళీ అనేది వస్తువా, కాదా?"

చెప్పాను. గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం పెట్టి, ఖాళీ గడి కూడా గడే అని, బయటి లైనుకు లోపలి లైను సంసారంలాంటిదని, ఒకే ఇంట్లోవాళ్ళు ఒకే గుమ్మం దగ్గర నిలబడాలని అరగంట చెప్పాను. ఫణిబాబు ప్రతి గడి మీదా ఒక సందేహం లేవదీశాడు. ట్యాబ్ మీట నొక్కితే వచ్చే ఖాళీ, పొడవు మీట నొక్కితే వచ్చే ఖాళీ కంటికి ఒకేలా ఉన్నా వేరువేరని చెప్పినప్పుడు ఆయన కుర్చీలో కూలబడి, "కంటికి కనపడని తేడాకి మనిషిని నిలదీస్తారా," అని బోర్డు వైపు చూశాడు. ఆ వారం ఫిర్యాదు రెండు పేజీలు.

మూడో వారం వయసు. కంప్యూటర్ మీ వయసెంత అని అడగాలి, మనం చెప్పాలి, అది ఒకటి కలిపి వచ్చే ఏడు మీకు ఎంతో చెప్పాలి. అందరూ చేసే పొరపాటు ఇందులో ఒకటుంది. మనం కొట్టే అంకెను అది సంఖ్య అనుకోదు, మాట అనుకుంటుంది. దాన్ని సంఖ్యగా మార్చమని విడిగా చెప్పాలి.

"నాకు వచ్చే ఏడు ఆరువందల ఎనభై ఒక్క ఏళ్ళట," అన్నాడు ఫణిబాబు, శాంతంగా. ఆ శాంతమే నాకు భయం. "అరవై ఎనిమిది పక్కన ఒకటి తగిలించింది. ఇంట్లో మా ఆవిడ నన్ను ముసలాడంటే పడతాను. ఇది ఎవరు అనడానికి?"

ఆయనకు కుడి పక్కన నాలుగో నంబరు దగ్గర జూట్ మిల్లులో హాజరు రాసే ఆఫ్తాబ్ అన్సారీ కూర్చునేవాడు. పెద్ద మీసం, చిన్న గొంతు. ఎప్పుడూ ఏమీ అడగడు. "నాకూ నాలుగువందల అరవై ఒకటి వచ్చింది," అన్నాడు మెల్లిగా. నా తరగతిలో ఆయన మాట్లాడటం అదే మొదటిసారి.

"చూశారా. ఈ మనిషి మొగలుల కాలంలో పుట్టాడంటోంది. ఇంకా ఈయన్ని మిల్లులో రెండు షిఫ్టులు చేయిస్తున్నారు."

మళ్ళీ నవ్వులు. మళ్ళీ అరగంట. నా పాఠం ఎక్కడున్నదో నాకే తెలియలేదు. బయటి కొట్టు నుంచి మరమరాలు, వేడి వంకాయ బజ్జీలు వచ్చేశాయి. అవి వచ్చాక కొన్నగర్‌లో ఎవరూ ఏమీ నేర్చుకోరు.

ఐదో వారం పేర్ల జాబితా. జాబితాలో మొదటిదాని నంబరు ఒకటి కాదు, సున్నా. కాబట్టి ఎనిమిది పేర్లుంటే చివరిదాని నంబరు ఏడు. ఎనిమిది అని అడిగితే అలాంటిది లేదంటుంది.

"మేం ఎనిమిది మందిమి," అన్నాడు ఫణిబాబు. "ఎనిమిదో మనిషిని పిలవమంటే అలాంటి మనిషే లేడంటోంది. ఎనిమిదో మనిషి ఇదిగో ఇక్కడ కూర్చుని బజ్జీ తింటున్నాడు. నమ్మకపోతే దీన్నే వచ్చి ముట్టుకుని చూడమనండి."

"ఫణిబాబూ, సున్నా నుంచి లెక్కపెట్టాలని పోయినవారమే చెప్పానా లేదా?"

"చెప్పారు. అయితే మొదటివాడు సున్నా ఎలా అవుతాడో చెప్పలేదు. మొదటి కుర్చీలో ఉన్నవాడికి మనసు నొచ్చుకోదా?"

ఏడో వారం ఇంకా ఘోరం. ఆరో లైనులో బ్రాకెట్ మూయడం మరిస్తే మా పాత కంప్యూటర్లు ఏడో లైనులో తప్పుందని చూపించేవి. ఫణిబాబు లేచి ఏడో లైను తరఫున లాయరులా వాదించాడు. "ఏడో లైనుకి ఏ పాపమూ తెలియదు. నేను అక్షరం అక్షరం చూశాను. ఆరోవాడు తలుపు మూయకుండా పోతే పక్కింటి ఏడోవాడిని పట్టుకెళ్తారా? ఇదేనా న్యాయం?"

తప్పు చూపించిన లైను బాగుంటే దాని పై లైను చూడాలని, బ్రాకెట్ మూసేదాకా దాని దృష్టిలో వాక్యం పూర్తికాలేదని, కాబట్టి అది తెలియక ముందుకెళ్ళి పక్క లైనుకి గుద్దుకుందని మళ్ళీ బోర్డంతా నింపాను. గోడ మీద తెర నెలన్నరగా ఖాళీగా ఉంది. ఎవరి తప్పూ దాని మీద వేసే సందే ఈయన ఇవ్వడం లేదు. నేను మీట మీద వేలు పెట్టేలోపు ఈయన లేచి నిలబడతాడు.

తొమ్మిదో వారం నా ఓపిక అయిపోయింది. ఆ వారం పాఠం చీట్లు తీయడం. కంప్యూటర్ తనంతట తాను ఒక అంకె ఎంచుకోవాలి. దానికి పైథాన్‌తో పాటే వచ్చే 'రాండమ్' అనే సామాను ఒకటుంది, దాన్ని పిలిస్తే చాలు. అయితే మనం మన ఫైలుకే రాండమ్ అని పేరు పెట్టుకుంటే, అసలుదాన్ని పిలిచినప్పుడు మన ఫైలే పలికి, నాకేమీ తెలియదంటుంది. ఫణిబాబు సరిగ్గా ఆ పేరే పెట్టాడు. పెట్టి, "నేను పిలిస్తే నేనే పలికాను. పలికి నన్ను నేనే ఎరగనన్నాను. నాకు పుల్లతేన్పులు వస్తున్నాయి దిదిమొణీ," అని కళ్ళు మూసుకున్నాడు.

పరీక్ష మూడు వారాల్లో ఉంది. చెప్పాల్సింది సగం మిగిలింది. ఝర్నాలాంటివాళ్ళ బతుకు దీని మీద ఆధారపడి ఉంటే, ఒక్క మనిషి కాలక్షేపానికి తరగతి మొత్తం పాడైపోతోంది. ఆ సాయంత్రం నేను కూడా కాగితం తీసి మార్జిన్ మడిచాను. ఫణిభూషణ్ సమాద్దార్‌ను తరగతి నుంచి తొలగించాలని రాసి నిత్యగోపాల్‌బాబు చేతిలో పెట్టాను.

ఆయన మొదటి నుంచి చివరి దాకా చదివి 'అందినది' అని ముద్ర వేశాడు. "ముప్పై ఏళ్ళుగా ఇక్కడ సభ్యుడు దిదిమొణీ. నోటి మాట మీద తీసెయ్యలేం. కమిటీ ఆధారాలు అడుగుతుంది."

"ఆధారాలు కావాలా? ఎన్ని కావాలి? ఆయన రాసినవన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. ప్రతి వారం ప్రతి తప్పూ తారీఖుతో సహా తీసిస్తాను."

మర్నాడు ఆదివారం పొద్దున్నే గ్రంథాలయం తెరిపించుకుని కూర్చున్నాను. విద్యార్థులు దాచుకున్న ఫైళ్ళన్నీ నా కంప్యూటర్‌లో ఒకచోట చేరతాయి, ఎన్ని గంటలకు దాచారో కూడా ఉంటుంది. తొమ్మిదో వారంతో మొదలుపెట్టాను.

మూడుంపావుకి ఫణిబాబు ఫైలు ఒకటి ఉంది. తెరిచాను. చీట్లు తీసే ప్రోగ్రాం. నడిపాను. నడిచింది. ఒక్క తప్పు లేదు. తప్పు లేకపోవడం ఒక్కటే కాదు, అచ్చయిన పేజీలా ఉంది. ప్రతి కామా తర్వాత ఒక ఖాళీ, ప్రతి లైనూ తన గుమ్మం దగ్గర బుద్ధిగా. మా ఆఫీసులో పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా అంత శుభ్రంగా రాయరు.

మూడు ఇరవైఎనిమిదికి ఝర్నా ఫైలు ఉంది. పేరు రాండమ్. నడవలేదు.

మూడు ముప్పైకి ఫణిబాబు ఫైలు ఇంకొకటి ఉంది. పేరు రాండమ్. అదీ నడవలేదు. మూడు ముప్పైరెండుకి ఆయన లేచి నిలబడ్డాడు, అది నాకు గుర్తే.

ఏడో వారం తెరిచాను. ఫణిబాబు ప్రోగ్రాం ముందే బాగా నడిచింది. తర్వాత ఆఫ్తాబ్ ఆరో లైనులో బ్రాకెట్ మరిచాడు. రెండు నిమిషాల తర్వాత ఫణిబాబు కూడా సరిగ్గా ఆరో లైనులోనే బ్రాకెట్ తీసేశాడు. ఐదో వారం ఝర్నా. మూడో వారం ఆఫ్తాబ్. రెండో వారం ఝర్నా, ఆఫ్తాబ్ ఇద్దరూ. ప్రతి శనివారం అదే వరస. ముందు ఆయనది సరిగ్గా ఉంది, తర్వాత ఎవరిదో తప్పింది, తర్వాత అదే తప్పు ఆయన కావాలని చేశాడు. మెడనొప్పి అని అస్తమానం కుర్చీలో వెనక్కి వాలేవాడు. అటూ ఇటూ ఉన్న స్క్రీన్లు చూడటానికని ఆ రోజు అర్థమైంది.

ఆయన అదే సమయానికి పక్క గదిలో పేపరు చదువుతున్నాడు. చదవడమంటే గ్రంథాలయం పేపరులో అచ్చుతప్పులకు పెన్సిలుతో గీతలు పెట్టడం. నిత్యగోపాల్‌బాబు పక్కన కూర్చుని వద్దు వద్దంటున్నాడు.

"ఫణిబాబూ, మీ ప్రోగ్రాములు చూశాను," అన్నాను.

పేపరు దించలేదు. "చూస్తే?"

"మూడుంపావుకే సరిగ్గా రాశారు. మూడున్నరకి చెడగొట్టారు."

"పెద్దవాణ్ణి. చెయ్యి వణికి ఉంటుంది."

"తొమ్మిది వారాలూ పక్కవాళ్ళు ఎక్కడ తప్పితే సరిగ్గా అక్కడే వణికిందా?"

ఇప్పుడు పేపరు దించాడు. మొహం ఎర్రబడింది. "ఒకరి ఫైళ్ళు ఒకరు తెరిచి చూడటం మర్యాదేనా దిదిమొణీ? నిత్యగోపాల్, ఒక కాగితం ఇటివ్వు."

"కాగితం తర్వాత. మీకు పైథాన్ ముందే వచ్చా?"

"వచ్చని ఎవరన్నారు? మా ప్రెస్సులో దాని మీద బెంగాలీ పుస్తకం వేశారు. మూడుసార్లు ప్రూఫు చదివాను. చదువుతుంటే కొంత అంటుకుంది. దాంట్లో నా తప్పేముంది?"

"మరి నా తరగతిలో ఎందుకు చేరారు?"

"ఎలా నేర్పిస్తారో చూద్దామని చేరాను. ఒక్క రోజు చూసి పోదామనుకున్నాను." కాసేపు పేపరు మడతలు సరిచేశాడు. "మొదటి రోజు మీరు ఆ పిల్ల తప్పుని గోడ మీద వేశారు. ఆరడుగుల ఎత్తున. ఎవరిదమ్మా ఇది అని అడిగారు. నలభై రెండేళ్ళు వేరేవాళ్ళ తప్పులు దిద్ది బతికాను నేను. లైనుకో తప్పు రాసే కవులు వచ్చేవాళ్ళు మా దగ్గరికి. ఒక్కరినీ పిలిచి ఇది నువ్వే రాశావా అని అడగలేదు. మార్జిన్లో చిన్న గీత గీసి కాగితం మడిచి ఇచ్చేవాణ్ణి. వాళ్ళు ఇంటికెళ్ళి దిద్దుకునేవాళ్ళు. దిద్దుకుని మళ్ళీ రాసేవాళ్ళు. గోడ మీద వేసుంటే ఒక్కడైనా రెండో పుస్తకం రాసేవాడా?"

 మొదటి రోజు ఝర్నా ఒక్క అక్షరం కోసం మొత్తం చెరిపేసుకోవడం కళ్ళ ముందు కనపడింది. ఆ తర్వాత కూడా ఎర్ర అక్షరాలు రాగానే ఆమె చెయ్యి చెరిపే మీట మీదికే వెళ్ళేది. నేనది చేతకానితనం అనుకున్నాను.

"ఇదంతా మీరు నాతో నేరుగా చెప్పొచ్చు కదా," అన్నాను చివరికి.

"మీకు కోపం వస్తుందని చెప్పలేదు."

"నాకా? నాకెందుకు కోపం?"

నిత్యగోపాల్‌బాబు దగ్గాడు. లేచి బీరువా తెరిచి ఫిర్యాదుల కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. "అందరి ముందూ అనుచితంగా మాట్లాడినది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట అన్నది. తప్పు చెప్పే పద్ధతి నేర్చుకొనవలెను." ప్రతిదానిలో కంప్యూటర్ అన్న మాట తీసి నా పేరు పెట్టి చదువుకున్నాను. ఒక్కదానిలోనూ వాక్యం చెడలేదు.

"నేను మొదటిది చదివినప్పుడే అనుకున్నాను," అన్నాడు నిత్యగోపాల్‌బాబు. "నాకెందుకులే అని ముద్ర వేసేశాను." తర్వాత నేనిచ్చిన ఫిర్యాదు తీసి, దాని అడుగున 'విచారణ జరిగినది, ఫిర్యాదిదే తప్పు' అని రాసి, దానికీ ఒక ముద్ర వేశాడు.

నాకు ఎంత ఉక్రోషం వచ్చిందంటే, వారం రోజులు ఫణిబాబు కనపడితే వీధి మారాను. అయితే శనివారం వచ్చేసరికి గోడ తెర చుట్టి అటక మీద పెట్టించాను. అప్పటినుంచి ఎవరైనా తప్పు చేస్తే పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, వాళ్ళకి మాత్రమే వినపడేట్టు చెప్పాను. ఇక ఈ ముసలాయనకి లేచి అరవాల్సిన పని లేదనుకున్నాను.

పొరపాటు. పదో వారం కూడా లేచాడు. ఒకటే సమాన గుర్తు పెట్టాల్సిన చోట ఒకటి, రెండు పెట్టాల్సిన చోట రెండు పెట్టాలంటే, "సమానంలో కూడా ఎక్కువ సమానం, తక్కువ సమానం ఉంటాయా," అని ఇరవై నిమిషాలు నిలదీశాడు. ఈసారి ఎవరి తప్పు నెత్తిన వేసుకున్నాడా అని ఆయన్ని చూశాను. కళ్ళు పైకెత్తి ఫ్యాను చూస్తున్నాడు. ఆ రోజు ఆఫ్తాబ్ ఊరుకోలేదు.

"జేఠూ, అంత కోపం ఎందుకు? ఒకటి పెడితే ఇచ్చినట్టు, రెండు పెడితే అడిగినట్టు. అంతే కదా." జేఠు అంటే పెదనాన్న.

"ఇది నీకెవరు చెప్పారు?"

"మీరే. పోయిన శనివారం బజ్జీ తింటూ."

ఫణిబాబు చెవి మీది పెన్సిలు తడుముకుంటూ కూర్చున్నాడు.

పరీక్ష రోజు నేను దూరంగా కూర్చుని చూశాను. ఝర్నా స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆమె చెయ్యి చెరిపే మీట మీదికి వెళ్ళింది.  చెయ్యి అక్కడే ఆగి వెనక్కి వచ్చింది. ఆమె ఆ ఎర్ర అక్షరాల్లో చివరి లైను చదివింది, చూపించిన లైను చూసింది, దాని పై లైను చూసింది, మూయని బ్రాకెట్ మూసింది. మూసి, స్క్రీన్ వైపు వంగి, "కాస్త మర్యాదగా చెప్పొచ్చుగా," అంది. ఆమె పాసయింది. ఆఫ్తాబ్ పాసయ్యాడు. ఎనిమిది మందిలో ఏడుగురి పత్రాల మీద ఆ వారమే సంతకం చేశాను. ఝర్నా తన పత్రం పట్టుకుని నర్సింగ్‌హోంకి వెళ్ళింది, రికార్డుల విభాగంలో కుర్చీ దొరికింది. మిగిలిన ఎనిమిదో పత్రం, యాభైకి యాభై వచ్చిన ఫణిబాబుది. దాన్ని తీసుకోవడానికి ఆయన రాలేదు.

రెండు రోజుల తర్వాత వచ్చాడు. పత్రం కోసం కాదు. నేను తన జవాబు పత్రం దిద్దడంలో తీవ్రమైన నిర్లక్ష్యం జరిగినదని నిత్యగోపాల్‌బాబుకి కాగితం ఇవ్వడానికి.

"యాభైకి యాభై వేస్తే నిర్లక్ష్యమా?" అన్నాను.

"నాకు పాసయ్యే అర్హత లేదు. మళ్ళీ దిద్దండి."

నిత్యగోపాల్‌బాబు నా వైపు చూసి మెల్లిగా చెప్పాడు. "కొత్త బ్యాచిలో పేరు రాసుకోమని పొద్దున వచ్చాడు దిదిమొణీ. పాసైనవాళ్ళు మళ్ళీ మొదటి తరగతిలో కూర్చోవడానికి లేదు, కమిటీ రూలు, ఉన్నవి ఎనిమిది కంప్యూటర్లే అన్నాను. వెంటనే ఈ కాగితం రాశాడు."

"మీ ప్రోగ్రాంలో తప్పు లేదండీ. నాలుగుసార్లు నడిపాను."

"మూడో లైను చూశారా?"

చూశాను. అచ్చుతీసిన ఆయన జవాబు పత్రంలో మూడో లైను ప్రోగ్రాం కాదు. మనుషుల కోసం బెంగాలీలో రాసుకున్న వివరణ. ముందు ఒక గుర్తు పెడితే కంప్యూటర్ ఆ లైను చదవదు, దాటుకుని పోతుంది. 'ఇక్కడ తప్పు ఉంటే చూడాలి' అని రాసి ఉంది. తప్పు అన్న మాటను బెంగాలీలో 'భుల్' అంటారు. దానికి హ్రస్వం. ఆయన దీర్ఘం పెట్టాడు.

నిత్యగోపాల్‌బాబు కాగితం నా చేతిలోంచి లాక్కుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఫణిదా, మీరా? మీరు భుల్‌కి దీర్ఘం పెట్టారా?"

ఫణిబాబు కిటికీ వైపు తిరిగాడు. చెవులు రెండూ ఎర్రగా కందిపోయాయి. కవుల తప్పులు దిద్దిన మనిషి, పేపరులో తప్పుంటే పెన్సిలు పట్టకుండా ఉండలేని మనిషి, ఆ ఒక్క దీర్ఘం పెట్టేటప్పుడు ఎంత బాధపడి ఉంటాడో నేను ఊహించలేను. నేను బెంగాలీ చదవగలనని, చదువుతానని నమ్మి పెట్టాడు. నేనేమో కంప్యూటర్‌లాగే ఆ లైను దాటుకుని పోయాను.

"ఇది కంప్యూటర్ చదవదండీ," అన్నాను.

"అదే నా ఫిర్యాదు. మీరు చదవాలి."

జవాబు పత్రం ముందుకు లాక్కుని కలం తీశాను. పాసు మార్కులు ఇరవై. యాభై కొట్టేసి పంతొమ్మిది వేశాను. పక్కన చిన్న అక్షరాలతో, మార్జిన్లో, కారణం రాశాను. కాగితం మడిచి ఇచ్చాను.

ఆయన విప్పి చూసుకున్నాడు. కళ్ళజోడు నుదుటి మీద నుంచి దించుకుని ఇంకోసారి చూసుకున్నాడు.

"ఒక్క దీర్ఘానికి ముప్పై ఒక్క మార్కులు. ఎక్కువయిందా ఫణిబాబూ?"

"తక్కువే," అన్నాడు. "మా ప్రెస్సులో అయితే ఉద్యోగమే పోయేది."

తర్వాత నిత్యగోపాల్‌బాబు బల్ల మీద నుంచి కొత్త బ్యాచి దరఖాస్తు లాక్కుని, నిలబడే నింపడం మొదలుపెట్టాడు. పూర్వ అనుభవం అన్న గడి దగ్గర ఒక క్షణం ఆగి, 'ఏమీ లేదు' అని అందంగా రాశాడు.